పచ్చికుండ మీద రాజవ్వ

పక్కింట్లో శుక్రవారం ఎవరైనా ఊదు వేస్తే చాలు, ఈ వయసులోనూ లేచి కిటికీలు మూసేస్తాను. నాకు పొగ పడదని మావాళ్లు అనుకుంటారు. ఆ వాసన వస్తే మా అక్క రాజవ్వ కళ్లముందు నిలబడుతుందని ఎవరికి చెప్పను?

నిజాంసాగర్ కాలువ నీళ్లు వచ్చిన కొత్తల్లో బాన్సువాడ చుట్టూ చెరుకు తోటలు లేచాయి, వాటితోపాటు దోమలూ లేచాయి. బెల్లం వండే రోజుల్లో వేడి పాకం ఆకులో పోయించుకుని నాకుతూ, వానాకాలంలో మక్క గారెలు కొంగున కట్టుకుని వాకిట్లో వామనగుంటలు ఆడుతూ పెరిగిన మా గుంపులో అక్క ఒక్కతే వేరు. ఒకసారి విన్నది మరిచేది కాదు. మద్నూర్ నుంచి వచ్చే గాజులాయన మరాఠీ పాట, బడి గోడ పక్కగా నడుస్తూ విన్న ఉర్దూ పాఠం, రెండూ ఇంటికొచ్చి అప్పజెప్పేది. బర్రె నడక చూసి రేపు ఈనుతుందనేది, ఈనేది.

ఇప్పుడైతే తెలివిగల పిల్ల అంటారు. మా అవ్వ మాత్రం పోచమ్మ పలుకుతోందంది. ఆడపిల్లకు అంత తెలివి ఉంటుందని నమ్మడం కంటే అమ్మవారు పూనిందని నమ్మడమే మావాళ్లకు తేలిక. బోనాలనాడు ముఖమంతా పసుపు పూసి, చేతికి వేపమండలిచ్చి, కాల్చని పచ్చికుండ మీద నిలబెట్టి వానల సంగతి అడిగారు. చీమల బారులు, మబ్బుల పోకడ చూసి ఆమె ఏదో చెప్పింది, అలాగే జరిగింది. ఇక బిచ్కుంద నుంచి కూడా జనం వచ్చి ఆ చిన్న పాదాలకు మొక్కేవారు.

"నాకేం పూనలేదే. ఇన్నది యాదికుంటది, గంతే" అని బాయి దగ్గర నీళ్లు చేదుతూ నాతో అనేది.

మరుసటి వానాకాలం గంగవ్వ చిన్నమ్మ ఒక్కగానొక్క కొడుకుకు చలిజ్వరం వచ్చింది. బోధన్ దవాఖానకు తీసుకుపోదామని బండి కట్టారు. ఎందుకైనా మంచిదని ముందు అక్కను కుండ మీద నిలబెట్టారు.

"పోరడు బతుకుతడా, తల్లీ?"

"నాకు తెల్వదు చిన్నమ్మా. దవాఖానకే తీస్కపోండ్రి."

అమ్మవారు అలిగిందనుకున్నారు. ఇంకింత ఊదు వేశారు, కోడిని కోశారు, మళ్లీ అడిగారు. పొగకు దగ్గీ దగ్గీ, కాళ్లు పట్టుకుని ఏడుస్తున్న చిన్నమ్మను చూసి తట్టుకోలేక, ఆ పదేళ్ల పిల్ల "బతుకుతడు" అనేసింది. ఎడ్లను విప్పేశారు. పిల్లవాడు ఆ వారంలోనే పోయాడు.

అక్కను ఎవరూ ఒక్క మాట అనలేదు. అమ్మవారే తీసుకుపోయిందన్నారు. తిట్టినా బాగుండేది, ఏడ్చుకునేది. "నేను జెప్పకుంటే బండి పోతుండె గదనే" అని నాతో ఒక్కసారి అంది, ఆ తర్వాత నోరు విప్పలేదు. అమ్మవారు వదిలిపోయిందని జనం రావడం మానేశారు. కానీ ఆ తెలివి ఎక్కడికి పోతుంది? మరిచిపోవడం ఒక్కటే అక్కకు రాని విద్య. చిన్నమ్మ ఏడుపు మొత్తం, ఒక్క మాట పోకుండా, ఆమె లోపల ఉండిపోయింది. తాయెత్తులు కట్టారు, వేపకొమ్మలతో కొట్టారు, పక్కన కూర్చుని ఏమైందే అని అడిగిన పెద్దవాళ్లు మాత్రం లేరు. తిండి తగ్గి, నిద్ర పట్టక, చిక్కి చిక్కి, రజాకార్ల గడబిడ మొదలుకాకముందే కన్నుమూసింది.

ఎడ్లబండ్లు పోయాయి, చెరుకు గానుగలు పోయాయి, దవాఖాన మా వీధి చివరికే వచ్చింది. నాకు తొంభై దగ్గరపడ్డాయి. అక్క అన్న మాటలు ఇప్పటికీ పొల్లు పోకుండా చెప్పగలను. ఆ గొంతు మాత్రం ఎంత వెతుక్కున్నా గుర్తు రావడం లేదు.