మోచేతి మడతలో ఒక చుక్క

మా చిన్నమ్మ పోయిందన్న కబురు మొన్న బుధవారం పొద్దున వచ్చింది. అబూ హలీఫాలో నేను పనిచేసే అరబ్బుల ఇంట్లో, బాలింత కోసం బాదం నూనె సీసాను గోరువెచ్చని నీళ్ల గిన్నెలో నిలబెడుతున్నాను. రాయచోటి నుంచి చిన్నమ్మ కూతురు ఫోన్ చేసి చెప్పింది. మాట్లాడుతున్నంతసేపూ సీసా మీద చేయి తీయలేదు. తీస్తే ఒరిగి నీళ్లు చేరతాయి, నూనె చెడుతుంది. ఆ జాగ్రత్త ఆమె నేర్పిందే. ఏడుపు తర్వాత వచ్చింది.

చిన్నమ్మ ఈ ఇంట్లోనే పద్దెనిమిదేళ్లు పసిపిల్లలకూ బాలింతలకూ నూనె రాసింది. మోకాళ్లు సహకరించక నిరుడు ఊరికి వెళ్లిపోతూ ఆ పని, పక్కనే ఉండి నేర్చుకున్న నాకు అప్పగించింది. కాగితాల్లో ఆమె పనిమనిషి. బాదం నూనె సంగతి మాత్రం సీసా మీద చీటీ అంటించేవాళ్లకన్నా ఆమెకే ఎక్కువ తెలుసు. మా చిన్నమ్మ కాబట్టి అంటున్నాననుకుంటే అనుకోండి.

నేను ఇక్కడికి కొత్తగా వచ్చినప్పుడు ఆ నూనెను నేరుగా పొయ్యి మీద పెట్టాను. ఊళ్లో ఆముదం అలాగే కాచేవాళ్లం మరి. చిన్నమ్మ గిన్నె లాగేసుకుంది.

"ఏందే, వంకాయలు వేంచుతాండావా? మంట తగలకుండా పిండిన నూనె ఇది. నువ్వు మంట మీద పెడితే దాని గుణమంతా పాయె!"

కొత్త సీసా తెరిస్తే ముందు అరచేతిలో వేసి రుద్ది వాసన చూసేది. మంచి తీపి బాదం నూనె లేత పసుపుగా ఉంటుంది, వాసన ఉందా లేదా అన్నట్టుంటుంది, చర్మంలోకి నిదానంగా ఇంకుతుంది. పాత శనక్కాయల వాసన వచ్చిందంటే పారబోయడమే. ఇక్కడి ఎండకు కిటికీలో పెడితే ఎంత మంచి నూనైనా పాడవుతుందని సీసాను చీకటి అలమారలో దాచేది. ఏసీ గాలికి పొడిబారిన చేతులకూ, పగిలిన మడమలకూ అదే రాసేది. పొట్ట మీద చారలు పోతాయా అని ఒక బాలింత అడిగితే, "పోవు. మెత్తగుంటాది, దురద తగ్గుతాది, అంతే" అని చెప్పింది. లేని గుణం అంటగట్టడం ఆమెకు గిట్టదు.

అసలు సంగతి ఇంకొకటి. ఈ ఇంట్లో మొదటి మనవరాలు పుట్టినప్పుడు మామా, అంటే మా యజమానురాలు, షర్క్‌లోని ఒక దుకాణం నుంచి ఆర్గానిక్ బాదం నూనె తెప్పించింది. సాయంత్రం చుట్టాలు వస్తారు, పాప ఒళ్లంతా నూనె రాసి స్నానం చేయించమంది. చిన్నమ్మ పాప మోచేతి మడతలో ఒక్క చుక్క వేసి, చేతులు కడిగేసుకుంది.

"బుక్రా, మామా."

రేపంటే మామా వింటుందా? నేను తెచ్చిన నూనెనే అనుమానిస్తావా, ఖలాస్, నిన్ను ఊరికి పంపించేస్తానంది. అప్పుడు చిన్నమ్మ కూతురు నర్సింగ్ చదువుతోంది. ఇక్కడి జీతం ఆగితే ఆ చదువూ ఆగేది. రాసెయ్ చిన్నమ్మా అని నేను బతిమాలాను.

"పురుగుమందు లేకుండా పండించినారంట, మంచిదే. అట్లని అందరి ఒంటికీ పడుతాదని యాడ రాసినారు? పంపిస్తే పోతా. బిడ్డకు మాత్రం ఈ పొద్దు రాయను."

ఆ సాయంత్రం చుట్టాలు నూనె రాయని పాపనే చూసి వెళ్లారు. తెల్లారేసరికి పాప మోచేతి మడతలో నిమ్మకాయంత ఎర్రటి దద్దురు. డాక్టరు చూసి, బాదం ఈ పాపకు పడదు, ఒళ్లంతా రాయకపోవడమే మంచిదయిందన్నాడు. మామా ఇంటికొచ్చి కోపంగా సీసా చెత్తబుట్టలో వేయబోతే చిన్నమ్మే అడ్డుపడింది. నూనెదేం తప్పు లేదంటూ, ఆ సీసా అయిపోయేదాకా మామా మడమలకే రాసింది. తర్వాత ఆమెను ఊరికి పంపే మాట ఈ ఇంట్లో మళ్లీ వినపడలేదు. కూతురు నర్సయింది. మొన్న చివరిదాకా తల్లి చేయి పట్టుకుని కూర్చున్నది ఆ నర్సే.

ఫోన్ పెట్టేశాక విషయం చెబితే మామా వచ్చి నా పక్కన కూర్చుంది. కొత్త మనవడికి ఆ రోజే నూనె మొదలుపెట్టాలి. గిన్నెలోంచి సీసా తీసి తుడిచాను. మామా లేచి నా చేతిలోంచి సీసా తీసుకుంది. పసివాడి చొక్కా చేయి తనే పైకి మడిచి, మోచేతి మడతలో ఒక్క చుక్క వేసింది.

"బుక్రా," అంది నాతో, అచ్చం మా చిన్నమ్మలాగే గొంతు గట్టిచేసి.

ఆ చిన్న మడతలో నూనె చుక్క ఇంకా ఇంకకుండా మెరుస్తోంది.