సత్తయ్య సార్ జర్మన్

మొన్న మా పాప గోళ్లరంగు తుడుచుకోవడానికి సీసా మూత తీసింది. ఆ అసిటోను ఘాటు ముక్కుకు తగలగానే నేను నల్లగొండలో, మా డిగ్రీ కాలేజీ ల్యాబులో, సత్తయ్య సార్ ముందు నిలబడి ఉన్నాను.

తెలంగాణ రాష్ట్రం వచ్చిన కొత్త. కెమిస్ట్రీ చెప్పే సత్తయ్య సార్‌కు జర్మన్ వస్తుందని కాలేజీ అంతా నమ్మేది. వస్తుందని ఆయన ఎన్నడూ అనలేదు. రాదని కూడా అనలేదు. ఆల్కహాలు, ఈథరు, అసిటోను సీసాలను ఒకే అరలో పెట్టి, పైన అట్టముక్క మీద 'జావర్‌ష్టోఫ్‌హాల్టిగ్' అని రాసి వేలాడదీశారు. ఆక్సిజన్ కలిగినవి అని అర్థం. ఆక్సిజన్ లేని బెంజీన్‌కు ఆ అరలో ప్రవేశం లేదు. ఆ ఒక్క మాటను విప్పి, ముక్కలు చేసి, ఏడాది పొడవునా మాకు నూరిపోశారు.

ప్రాక్టికల్ పరీక్షకు వచ్చిన ఎక్స్‌టర్నల్ జర్మనీలో చదివొచ్చినాయన. ఆయన మనసు చల్లగా ఉంటేనే మాకు మార్కులు గనక మధ్యాహ్నానికి మేక పేగుల బోటి కూర ముందే చెప్పి ఉంచాం. ఆయన అట్టముక్క చూసి మురిసిపోయి, సార్‌ను జర్మన్‌లో పొడుగాటి ప్రశ్న ఒకటి అడిగారు. సార్ పరువు పోతే దాని వెనకే మా మార్కులూ పోతాయి. అప్పుడు బోటి కూర కూడా ఆదుకోలేదు.

సార్ తాపీగా అర దగ్గరికి నడిచి, అట్ట చూపించి, ఆ మాట చదివారు. అంతే.

ఎక్స్‌టర్నల్ నా వైపు తిరిగారు. "నీకు సమజైందా, లేకుంటే మీ సార్ ఊకె భయపెడ్తుండా?"

"పుల్లటి పదార్థం ఉన్నది అని సార్. ఆమ్లాలన్నిట్ల ఉంటదనుకొని ఆక్సిజన్‌కు ఆ పేరు పెట్టిండ్రు. హైడ్రోక్లోరిక్ ఆమ్లంల లేనే లేదు. మనం గూడ ఆమ్లజని అని అదే తప్పును తెలుగుల తెచ్చుకున్నం."

ఆయన "అన్నేండ్లు అక్కడున్న. ఈ మాటను ఇట్ల ఇప్పి ఎవ్వలు చెప్పలే" అని, భోజనానికి సార్ పక్కనే కూర్చున్నారు. మార్కులు బోటి స్థాయిని మించే పడ్డాయి.

సాయంత్రం ఉండబట్టలేక అడిగాను. "సార్, ఆయన ఏమడిగిండు?"

"నాకేమెరుక. ఆయనకొచ్చింది ఆయన అడిగిండు. నాకొచ్చింది నేను చెప్పిన."

ఇప్పుడు మా పాప ఆ సీసా నా ముఖం ముందు ఆడిస్తూ, ఇందులో ఏముందని అడిగింది. ఇది జర్మన్ అంటూ చెప్పాను, ఆ ఒక్క మాటలో.

"బాపూ, నీకు జర్మన్ వచ్చా?"

నేను సీసా అందుకుని తాపీగా మూత బిగించాను.