రూతమ్మ టీచరు గారి కుడిచెయ్యి

మా విడవలూరు బడిలో నాతో కలిసి పాఠాలు చెప్పిన రూతమ్మ గారు గత శనివారం ప్రభువు సన్నిధికి చేరారు. రావలసిన వార్తేనని తెలిసినా, కబురందగానే మళ్లీ భోరుమన్నాను. ముందే ఏడ్చుకుంటే దుఃఖం తగ్గుతుందనుకోవడం ఎంత అవివేకమో అప్పుడు తెలిసింది.

కొన్నేళ్ల క్రితం రొమ్ములో రాచపుండుకు ఆవిడకు మద్రాసులో శస్త్రచికిత్స జరిగింది. చంక కింది కండ కూడా తీసేయడంతో కుడిచెయ్యి భుజం దాకా లేవలేదు. రోజూ కదిలించకపోతే బిగిసిపోతుందని అక్కడి నర్సు చెప్పి పంపింది. నల్లబల్ల పై వరుసలో మళ్లీ రాయాలన్నదే ఆవిడ ఏకైక వాంఛ.

మా ఊళ్లో ఆపరేషనైన మనిషిని పని చేయనిస్తే అయినవాళ్లకు అప్రతిష్ఠ. చర్చి సంఘం స్త్రీలు వంతులు వేసుకుని తల దువ్వారు, అన్నం కలిపి నోట్లో పెట్టారు. చల్ల చిలకబోతే కవ్వం తాడు లాక్కున్నారు. "మేమందరం చచ్చినామా అక్కా, నువ్వు చిలకను?" అనేవారు. ఆ ప్రేమలో చెయ్యి నానాటికీ కొయ్యబారింది.

ఒకరోజు ఆవిడ తలుపు గడియ పెట్టి దూలం మీదుగా తాడు వేశారు. ఒక కొసను మంచి చేత్తో లాగితే, రెండో కొసను పట్టుకున్న చెయ్యి పైకి లేస్తుంది. నర్సు నేర్పిన సాధన అది. కిటికీలోంచి చూసిన పొరుగావిడ కేకలు పెట్టింది. జనం తలుపు విరగ్గొట్టారు. పాస్టరు గారు పరుగున వచ్చి ఆత్మహత్య మహాపాపమని సుదీర్ఘంగా ప్రార్థించారు. ఆవిడ ఆమెన్ అని, "అయ్యగారూ, చచ్చేదానికి కాదు, జుట్టు ముడేసుకునేదానికి వేసినాను తాడు" అన్నారు. మర్నాటి నుంచి సాధన సాగినంతసేపూ పాస్టరు గారే గుమ్మంలో కాపలా కూర్చున్నారు.

నొప్పికి కన్నీళ్లు ధారగా కారేవి. "ఏడస్తా లాగితే తాడేమన్నా వద్దంటుందా?" అనేవారు. ఏడాది తిరిగేసరికి నల్లబల్ల మీద పై వరుసలో తేదీ వేశారు. నేను పక్క గదిలోకి వెళ్లి ఏడ్చాను.

తర్వాత వ్యాధి వెన్నులోకి దిగింది. "ఇంకెందుకక్కా ఈ బాధ?" అన్నాను. "బతికేదానికి కాదులేమ్మా. ఉన్నన్నాళ్లు నా తల నేను దువ్వుకుంటా" అన్నారు. చివరి రోజుల్లో ఆ శక్తి కూడా పోయింది.

సమాధి చేసి వస్తుంటే సముద్రపు ఒడ్డు పల్లె నుంచి వచ్చిన ఒక పడుచు ఎదురైంది. ఆమెకూ ఈమధ్యే అదే ఆపరేషను. చెయ్యి కొంగుతో గుండెకు కట్టుకుని ఉంది. "రూతమ్మ టీచరమ్మ చేతికి కసరత్తు నేర్పుతాదంట, ఇల్లెక్కడ?" అని అడిగింది.

"అంత చేసి ఆమెకేం మిగిలింది తల్లీ? ఇప్పుడే పూడ్చి వస్తా ఉండాము" అన్నది మాలో ఒక పెద్దావిడ, జాలిగానే.

ఆ సాధన ప్రాణం నిలపదని, చెయ్యి మాత్రం నిలుపుతుందని నేను ఎన్నో విధాల చెప్పాను. ఆ పిల్ల తలూపింది. కట్టు విప్పకుండానే వచ్చిన దారిన వెళ్లిపోయింది.

రూతమ్మ గారైతే ఇన్ని మాటలు చెప్పేవారు కారు. తన చెయ్యి ఎత్తి చూపేవారు. ఆ ధన్యురాలికి నమస్కరించడం తప్ప నాకు చేతనైనదేమీ లేదు.