పాత ఆకు

చావ్‌జో ఊరి పాతవీధిలో సొక్‌ఖిమ్ రోజూ పొద్దున్నే గడప ముందు బొగ్గుల కుంపటి పెట్టుకుని, రెండు బుల్లి కూజాల్లో రెండు కొండల ఊలాంగ్ టీ ఆకు వేస్తుంది. వేడికి మొద్దుబారిన వేళ్లతో ఒక్కో కప్పూ ఎత్తి, కళ్లు మూసుకుని చప్పరిస్తుంది. "అన్‌షీ కొండది వట్టి పూలవాసనే. మన ఫీనిక్స్ కొండది గొంతు దిగినా తీపి వదలదు" అని రిక్షా తాన్‌తో రోజూ వాదనే. మొగుడు పోయినదానికి వీధిలో మగాళ్లతో ఈ టీలేమిటని మందలించడానికి ఓ రోజు మరిది వచ్చాడు. మనిషి వస్తే కొత్త ఆకు వేయడం అక్కడి మర్యాద. ఆమె పాత ఆకు మీదే నీళ్లు పోసిచ్చింది.

"వేడినీళ్లలా ఉంది వదినా!"

"కొత్త ఆకు చుట్టాలకి మరిదిగారూ, పెత్తనానికొచ్చినవాళ్లకి కాదు."

అంతలో వీధి మంగలి వచ్చాడు. మరిది చూస్తుండగానే ఆమె కూజా బోర్లించి, కొత్త ఆకు వేసింది.