రెండు వందల పన్నెండో లైను

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. మా పెడనలో ఎవరైనా అలాంటి కబుర్లు మొదలుపెడితే మధ్యలో లేచి వెళ్లిపోయే రకాన్ని. అందుకే దీన్ని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మచిలీపట్నంలో ఒక చిన్న ఆఫీసులో నా ఉద్యోగం. వాతావరణ హెచ్చరిక రాగానే దివిసీమ వైపు, సిగ్నల్ అందే దూరంలో వేటాడే పడవలవాళ్ల ఫోన్లకు మెసేజ్ పంపడం మా పని. పంపేది ఒక షెల్ స్క్రిప్టు, అంటే కంప్యూటరు వరసగా చేయాల్సిన పనులు లైన్లుగా రాసిపెట్టిన ఫైలు.

దాన్ని రాసింది నా ముందు పనిచేసిన సాంబశివరావు గారు. సముద్రం మీద బతికిన కుటుంబం ఆయనది. స్క్రిప్టులో ఒక్కో పని చేసే ముక్కలకు, అంటే ఫంక్షన్లకు, చుట్టరికాల పేర్లు పెట్టారు. మెసేజ్ పంపేది ‘బావ’. ఏ పడవలకు పంపాలో చూసేది ‘వదిన’. హెచ్చరిక రాకపోయినా, గాలి తేడాగా ఉందనిపిస్తే ఆయన స్వయంగా నడిపేది ‘మావయ్య’. ఆయన గుండెపోటుతో పోయాక పని నాకు వచ్చింది. నేను ముందు చేసింది మావయ్యను తీసేయడం. అనిపించిందని పడవల్ని వెనక్కి పిలవడమేమిటని నా చిరాకు.

ఇంకొకటి చేర్చాను. స్క్రిప్టులో ఒక ఫంక్షన్ ఇంకోదాన్ని పిలుస్తుంది, అది మరోదాన్ని. ఎవరు ఎవర్ని ఏ లైనులో పిలిచారో చెప్పే వరసే కాల్ స్టాక్. ‘నీకెవరు చెప్పారు?’ అని అడుగుతూ మొదటి మనిషి దాకా వెళ్లడం లాంటిది. మెసేజ్ వెళ్లినప్పుడల్లా ఆ వరస మెషీను రాసుకునే చిట్టా, అంటే లాగ్‌లో పడేలా పెట్టాను.

ఒక మధ్యాహ్నం భోజనం చేసి వచ్చేసరికి దివిసీమ నుంచి నాంచారయ్య గారు ఫోన్ చేశారు. ఆయనకు రెండు పడవలు, కొడుకులిద్దరూ వాటి మీదే ఉన్నారు.

“వెనక్కి రమ్మని మెసేజొచ్చిందంట బాబూ. ఇక్కడ చూస్తే ఎండ ఫెళ్లున కాస్తంది. నిజమేనా?”

హెచ్చరికేమీ రాలేదు. పొరపాటని చెప్పకపోతే రేపు అసలు హెచ్చరికనూ ఎవరూ నమ్మరు. చూసి చెప్తానన్నాను.

లాగ్ తెరిచాను. బావను పిలిచింది వదిన, నలభై ఒకటో లైనులో. వదినను పిలిచింది మావయ్య, రెండు వందల పన్నెండో లైనులో.

ఫైల్లో ఉన్నవి నూట ఎనభై లైన్లు. మావయ్య అన్న ఫంక్షన్ మెషీనంతా వెతికినా లేదు. పాత కాపీ ఏదైనా లోపల నడుస్తోందా అంటే, పొద్దున్నే కరెంటు పోయి మెషీను మళ్లీ మొదలైంది, అదీ కుదరదు. లాగిన్ అయినవాళ్లలో నేను తప్ప ఎవరూ లేరు.

‘పొరపాటున వెళ్లింది, వేట కొనసాగించండి’ అని టైపు చేశాను. పంపలేకపోయాను. భయమేసింది, అంతకు మించి కారణం చెప్పలేను. నాంచారయ్య గారికి ఫోన్ చేసి, నిజమే, రమ్మనండి అన్నాను.

పడవలు ఒడ్డు చేరిన ముప్పావుగంటకు గాలి లేచింది. అసలు హెచ్చరిక ఆ తర్వాత వచ్చింది.

మర్నాడు నాంచారయ్య గారు బస్సెక్కి ఆఫీసుకు వచ్చారు. నా చేతులు రెండూ పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

“నా పిల్లల్ని నువ్వే తెచ్చావు బాబూ” అన్నారు.

నేను కాదని చెప్పబోయాను. సాంబశివరావు గారి పేరు నోటిదాకా వచ్చింది. కూర్చోండి, టీ తెప్పిస్తానన్నాను.