ముందు ఏం రావాలో చెప్పు

మొన్న మంగళవారం పొద్దున మా చిన్న మేనత్త పోయింది. నిద్రలోనే గుండె ఆగిపోయిందని వాళ్లుండే నీలం నగర్ నుంచి మామ ఫోన్ చేశాడు. బాగా ఏడ్చాను. కానీ సాయంత్రానికి ఆమె మాటలు తలుచుకుని అమ్మా నేనూ నవ్వుతూ కూర్చున్నాం. ఆమెను తలుచుకుంటే అంతే.

అత్త ఒక పుణె సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఇంటి నుంచే పనిచేసేది. ప్రోగ్రాములు బయటికి వెళ్లేముందు పరీక్షించడం ఆమె ఉద్యోగం. ఆదివారాలు మాలాంటి ఆడపిల్లలను కూర్చోబెట్టి, పైథాన్‌లో ప్రోగ్రాములు రాయడం నేర్పేది. పక్కింటి మరమగ్గాల మోతలో గొంతు పెంచి మాట్లాడీ మాట్లాడీ, ఫోన్లో కూడా అరిచేది.

నేను రాసిన మొదటి ఫంక్షన్, అంటే ఒక్క లెక్క చేసే చిన్న ప్రోగ్రాం ముక్క, ఇంకా గుర్తుంది. నేసిన తువ్వాళ్లూ మగ్గం నడిచిన గంటలూ ఇస్తే, గంటకు ఎన్ని నేశారో చెప్పాలి. నలభై, ఎనిమిది ఇచ్చాను. ఐదు వచ్చింది. గర్వంగా అందరి వైపూ చూశాను.

"మస్తుంది. మరి కరెంటు పోయిన దినం?" అంది అత్త.

పక్కనున్న పిల్ల గంటల దగ్గర సున్నా కొట్టింది. సున్నాతో భాగించలేక ప్రోగ్రాం ఆగిపోయింది, తెర నిండా ఎర్రటి అక్షరాలు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ల్యాప్‌టాప్ మూసేయబోయాను.

"ఏడుస్తవేంది పోరి? తప్పు మనింట్లనే దొరికింది గద. ఖుషీ చెయ్యి," అంటూ తప్పు పట్టిన పిల్లకు ఒక పల్లీ లడ్డూ, నాకొకటీ పెట్టింది. "సున్నా ఇస్తే ఏం రావాలె? ముందు అది టెస్టుల రాయి. కోడు తర్వాత."

"మగ్గం నడవలేదని రావాలె అత్తా."

"గదే రాయి."

ఏమిస్తే ఏం రావాలో సరిచూసే ఆ టెస్టు రాశాను. ఫంక్షన్ సరిచేశాక టెస్టు పాసయింది. అప్పటి నుంచి ఒకరి ఫంక్షన్ ఇంకొకరు చెడగొట్టడమే మా ఆట. మైనస్ అంకెలు ఇచ్చేవాళ్లం, అంకె అడిగిన చోట పేరు కొట్టేవాళ్లం. చెడిన ప్రతిసారీ ఒక కొత్త టెస్టు, దానితో పాటు పెద్ద గోల.

పోయినేడు ఉద్యోగం ఇంటర్వ్యూలో, కొన్ని పేర్లు ఇస్తే వాటిలో పొడవైనది చెప్పే ఫంక్షన్ రాయమన్నారు. "ఒక్క పేరూ ఇవ్వకపోతే ఏం రావాలి సార్?" అని ముందే అడిగాను. అడిగిన పెద్దమనిషి కుర్చీలో ముందుకు జరిగాడు.

ఉద్యోగం వచ్చిందని తెలియగానే భవాని పేట్‌లోని మా ఇంటి నుంచి నేరుగా అత్త దగ్గరికి పోయి అంతా చెప్పాను. గట్టిగా వాటేసుకుంది. వదిలాక అడిగింది.

"రెండు పేర్లు ఒక్కంతే పొడుగుంటే?"

"అది అడగలే అత్తా."

"పా, ఇప్పుడు రాద్దాం," అంది నవ్వుతూ. ఇద్దరం రాశాకే అన్నం తిన్నాం.

మా దగ్గరి కొన్ని కుటుంబాలు ఊరవతలి కుంభారికి మారాక, అక్కడి పిల్లలకు నేర్పడానికి అత్త స్కూటీ మీద పోయేది. ఆమెను చివరిసారి చూసింది ఆ దారిలోనే. నేను బస్సులో ఉన్నాను. కొంగు నడుముకు బిగించి, సంచీ కాళ్ల దగ్గర పెట్టుకుని, మా బస్సును దాటి పోయింది. కిటికీలో నన్ను చూసి చెయ్యి ఊపింది. ఆ తర్వాత చాలా దూరం వరకూ, ఎండలో ఆమె హెల్మెట్ మెరుస్తూనే ఉంది.