బూట్లు అడిగినవాళ్లు

లారీ మమ్మల్ని మలేసియాలో పెరాక్ ఎగువన సరిహద్దు క్యాంపులో దింపేసరికి సాయంత్రం నాలుగైంది. జోరున వాన. కొండ మీద మూడు రేకుల షెడ్లు, ఇసుక బస్తాల గోడ, ఒక జెండా కర్ర. ఎర్రమట్టిలో చీలమండ దాకా దిగబడుతున్నాం. నా వీపు మీద రేడియో, విడి బ్యాటరీలు, అయిదు రోజుల తిండి. కాళ్లకు ఆ ఉదయమే స్టోర్‌లో ఇచ్చిన కొత్త బూట్లు.

కొత్తవంటే ఎవరూ తొడగనివి, అంతే. డబ్బాల్లో ఎన్నేళ్లు మగ్గాయో ఎవడికి తెలుసు! మన దేశపు ఉక్కకు, తేమకు, వాడకుండా దాచిన బూటు సోలు దానంతటదే పొడైపోతుంది. సుంగై పెటానిలో ఫ్యాక్టరీకి వెళ్లే మా చెల్లెలికి కూడా తెలిసిన సంగతిది. సరఫరా చేసిన కాంట్రాక్టరు మహాశయుడికి మాత్రం తెలియదట.

నేను రేడియో ఆపరేటర్‌ని, లాన్స్ కార్పొరల్‌ని. మా సెక్షన్‌లో నాతో తెలుగు మాట్లాడేవాడు ఒక్కడే, మెషిన్‌గన్ మోసే గన్నర్. క్లాంగ్ ఊరి కుర్రాడు. మొదటి గస్తీలోనే వాడి బూటు ముందు నోరు తెరిచింది.

"అన్నా, ఇది సూడు. ఏటి సేయాల?"

"టేపు సుట్టురా. కెప్టెన్‌కి నాను సెప్తాను."

చెప్పాను. పైకి రాశామన్నారు. వారం తర్వాత మళ్లీ చెప్పాను. కొత్త బూట్లు పాడుచేసింది మీరేనన్నారు. నెల తిరిగేసరికి సెక్షన్‌లో సగంమంది బూట్లకు నల్ల టేపే దిక్కయింది.

రెండో నెలలో అమెరికన్ సైనికులు కొందరు మాతో అడవి శిక్షణకు వచ్చారు. పరిచయం పేరిట మొదటి సాయంత్రం వాళ్ల కెప్టెన్ మెస్ షెడ్‌లో తెర కట్టి, తమ దేశం బ్రిటిష్‌వాళ్ల మీద తిరగబడి పుట్టిన కథ చెప్పాడు. రేవులో టీ పెట్టెలు నీళ్లలోకి విసిరెయ్యడం ఒక మలుపు. మనుషులంతా సమానమని ప్రకటించుకోవడం ఇంకొకటి. మంచుగడ్డలు తేలే నదిని దాటి శత్రువు మీద పడటం మరొకటి. ఆ తర్వాత వ్యాలీ ఫోర్జ్ అనే చోట గుడిసెల్లో చలికాలమంతా గడిపిన సైన్యం. బూట్లు లేక కాళ్లకు గుడ్డపీలికలు చుట్టుకున్నారట. మంచు మీద నెత్తుటి అడుగులు పడ్డాయట. అయినా చెదిరిపోలేదు, అక్కడే కవాతు నేర్చి గట్టిపడ్డారు, అక్కడే మేం దేశమయ్యాం అన్నాడు. బాగా చెప్పాడు. నేనూ చప్పట్లు కొట్టాను.

గన్నర్ మాత్రం నా చెవిలో గొణిగాడు. "ఆల్లకి బూట్లు ఎందుకు పంపనేదన్నా? అది సెప్పనేదు గదా."

మూడో రోజు నడకలో వాడి కుడి బూటు సోలు మొత్తం ఊడిపోయింది. నాలుగడుగులు వేశాడో లేదో, నరికిన వెదురు మొదలు అరికాల్లో దిగింది. మాతో వచ్చిన అమెరికన్ వైద్య సార్జెంట్, నెరిసిన జుట్టు పెద్దాయన, గాయం కడిగి కట్టు కట్టాడు. తెల్లారేసరికి పాదం ఉబ్బిపోయింది. ఒళ్లు కాలిపోతోంది. ఎర్రటి గీత పిక్క దాకా ఎక్కింది.

"ఈ రోజే ఆసుపత్రికి చేరాలి. లేకపోతే కాలు పోతుంది" అన్నాడు సార్జెంట్.

మా కెప్టెన్ గడియారం చూసుకున్నాడు. మర్నాడు కొండ మీదికి పెద్ద అధికారులు వస్తున్నారు. సెక్షన్ మొత్తం నడిచి వచ్చినట్టు కనబడాలి. గన్నర్ ముందు నిలబడి అన్నాడు, "మొన్న వినలేదా? వాళ్లు ఒట్టి కాళ్లతో దేశాన్నే గెలిచారు. నువ్వు ఒక్క కొండ ఎక్కలేవా?"

ఇప్పుడు చెబుతున్నా నా ఒళ్లు మండుతుంది. ఆయన కాళ్లకు ఉన్నవి సొంతంగా కొనుక్కున్న బూట్లు.

సార్జెంట్ నా వైపు తిరిగాడు. "ఆ సైనికులు ఓర్చుకుని ఊరుకున్నారని ఎవరన్నారు? అడిగారు. కొన్నేళ్ల తర్వాత కూడా జీతం లేదు, బట్టలు లేవు. పెన్సిల్వేనియా పటాలం తిరగబడింది, తర్వాత న్యూజెర్సీ వాళ్లు. వాళ్లలో ఇద్దరిని వాళ్ల తోటివాళ్ల చేతే కాల్పించారు. అది మా తెర మీద వెయ్యరు."

నేను రేడియో తీశాను.

"సెట్ కింద పెట్టు. ఇది ఆర్డర్" అన్నాడు కెప్టెన్.

"బేస్, ఇది కాల్‌సైన్ మూడు. ఒకడికి గాయం. నడవలేడు. హెలికాప్టర్ కావాలి. ఓవర్."

"మూడు, మీ ఆఫీసర్ అనుమతి ఉందా? ఓవర్."

"లేదు. మావాడికి కాలు మాత్రం ఇంకా ఉంది. తొందరగా పంపండి. ఓవర్."

గరగర మధ్య జవాబు వచ్చింది, "చోటు చదును చెయ్యండి. అవుట్."

సెక్షన్‌లో ఒక్కడు కూడా కెప్టెన్ మొహం చూడలేదు. అందరూ కత్తులు తీసి పొదలు నరకడం మొదలుపెట్టారు.

ఆసుపత్రిలో వాడి కాలివేళ్లు రెండు తీసేశారు. కాలు దక్కింది. నా లాన్స్ కార్పొరల్ పట్టీ ఊడింది. ఆర్డర్ మీరినందుకు ఊడింది, దానికి నేను ఏడవలేదు. బూట్లు పంపినవాడిని ఎవడూ ఏమీ అడగలేదు, దానికి ఏడ్చాను. సరిహద్దులో మూడు నెలల డ్యూటీ ముగిసి ఇంటికొచ్చాక మా ఊరి తెలుగు సంఘం వాళ్లు శాలువా కప్పి, పిల్లలకు త్యాగం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. మైకు తీసుకుని చెప్పాను: సైనికుడు తనంతట ఇచ్చిందాన్ని త్యాగం అనండి, వాడి దగ్గర లాక్కున్నదానికి ఆ పేరు పెట్టకండి. సభ చల్లబడిపోయింది. మళ్లీ నన్ను పిలవలేదు.

పిలవకపోతే పోయె. నా కళ్ల ముందు నుంచి పోనిది ఒక్కటే. హెలికాప్టర్ గాలికి చెట్లన్నీ వంగిపోతున్నాయి. స్ట్రెచర్ మీద గన్నర్, జ్వరానికి పళ్లు కొట్టుకుంటున్నాయి. బురద కారుతున్న ఆ బూట్లు రెండూ రెండు చేతులతో గుండెకు అదుముకున్నాడు. లాగి పారెయ్యబోయాను. వదల్లేదు.

"వద్దన్నా. స్టోర్‌లో అప్పగించాల గదా. నేకపోతే నానే పారేసినానంటారు."